కర్ర లేత్ ఉలులకు సాన మిషన్: ఏది కొనాలి, ఏది ఆపాలి

గుంటూరు నుంచి ఒక తమ్ముడు అడిగాడు. మేడ మీద గదిలో చిన్న కర్ర లేత్, అంటే కర్రని తిప్పుతూ ఉలితో ఆకారం తీసే మిషన్, పెట్టుకున్నాడు. హెచ్.ఎస్.ఎస్. అనే హై స్పీడ్ స్టీలు ఉలులు ఆరు కొన్నాడు. టేకు ముక్కల మీద పని చేస్తుంటే రెండు నెలలకే అన్నీ మొద్దుబారాయి. బజార్లో 6 అంగుళాల బెంచ్ గ్రైండర్ చూశాడు, వీడియోల్లో నీళ్ళ తొట్టిలో మెల్లగా తిరిగే స్వీడన్ మిషన్ చూశాడు, సి.బి.ఎన్. అనే గట్టి రేణువులు అంటించిన లోహపు చక్రం మంచిదని ఎవరో చెప్పారు. చేతిలో 25 వేలున్నాయి. ఏది కొనాలి, అంతవరకు వాళ్ళ నాన్నగారి పాత గ్రైండర్ మీద పట్టుకోవచ్చా అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తా. 8 అంగుళాల చక్రాలతో నిమిషానికి 1440 చుట్లు తిరిగే బెంచ్ గ్రైండర్ తీసుకో. దాంతో వచ్చే బూడిద రంగు రాళ్ళు తీసేసి ఒక తెల్ల రాయి వేయించు. గౌజ్, అంటే గాడి ఉన్న ఉలి, ఒకే కోణంలో పట్టుకోవడానికి జిగ్ అనే బిగింపు ఒకటి, రాయి చదును చేసుకోవడానికి డైమండ్ డ్రెస్సర్ ఒకటి తీసుకో. సి.బి.ఎన్. ఇప్పుడే వద్దు, ఏడాది ఆగు. నీళ్ళ మిషన్ నీ పనికి కాదు. ఇక కారణాలు కాస్త తీరిగ్గా చెప్తా, ఎందుకంటే బజార్లో నీకు చెప్పినట్టే మిషన్ దొరక్కపోతే ఏ విషయంలో సర్దుకోవచ్చో, ఏ విషయంలో సర్దుకోకూడదో తెలియాలి.

నేను విజయవాడలో 30 ఏళ్ళుగా లేత్ మీద కర్ర తిప్పుతున్నా. మా నాన్న తరం వాళ్ళు లేత్ అనేవాళ్ళు కాదు, తరిమెన అనేవాళ్ళు. మంచం కోళ్ళు, కవ్వాలు, ఉయ్యాల గుబ్బలు చేసేవాళ్ళు. వాళ్ళ ఉలులన్నీ లారీ కమాను పట్టీలు కోసి కమ్మరి కొలిమిలో సాగదీయించినవి. సాన పట్టేది చేత్తో తిప్పే రాయి మీద. ఒకరు తిప్పితే ఒకరు పట్టాలి, తిప్పేది నేనే. అందుకే చెప్తున్నా, ఆయన పట్టిన పదును ఇప్పటి మిషన్లకి తక్కువేం కాదు. కానీ ఆ చెయ్యి కుదరడానికి ఆయనకు ఇరవై ఏళ్ళు పట్టింది. అలా ఏళ్ళ తరబడి ఆగకుండా మొదటి వారంలోనే, ప్రతిసారీ ఒకే ఏటవాలు, ఒకే ఆకారం వచ్చేలా చేసుకోవడానికే నువ్వు ఈ డబ్బు పెడుతున్నావు. దుకాణంలో ఏం చూసినా ఈ లెక్కలోనే చూడు.

ఏటవాలు మారితే నష్టమేంటో చూడు. గిన్నెలు తిప్పే బౌల్ గౌజ్‌కి 55 డిగ్రీలు పట్టావనుకో. తర్వాతిసారి చెయ్యి వాలి 50 అయింది. అప్పుడు రాయి అంచును తాకేముందు ఏటవాలు వెనక చివర, అంటే మడమ దగ్గరున్న ఇనుమంతా అరగదీయాలి. ఆ పైసారి 58 అయింది, ఈసారి అంచు మాత్రమే అరిగి ఏటవాలులో రెండు ముఖాలు వచ్చాయి. కర్ర మీద ఉలి ఆనడానికి ఒక తలం ఉండదు, గిన్నె లోపల ఉలి ఎగురుతుంది, పట్టుకుంటుంది. మనం కర్రని తిడతాం. నా మొదటి హెచ్.ఎస్.ఎస్. గౌజ్ అలాగే పోయింది. వేగంగా తిరిగే 6 అంగుళాల గ్రైండర్ మీద, ముతక రాయి మీద ఉత్త చేత్తో పట్టి, ఆరు నెలల్లో రెండంగుళాల పైన అరగదీశాను. అందులో కర్ర కోయడానికి అరిగింది చాలా తక్కువ. మిగతాదంతా కోణం కోసం వెతుక్కుంటూ తగలేసిందే.

ఇప్పుడు వేగం సంగతి. దుకాణంలో మోటారు పలక మీద ఆర్.పి.ఎం. చదువు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి రెండు పోళ్ళ మోటారు 2800 పైన తిరుగుతుంది, నాలుగు పోళ్ళది 1440 దగ్గర తిరుగుతుంది. అమెరికా వాళ్ళ వీడియోల్లో 3450, 1750 అంటారు, అక్కడ కరెంటు 60 హెర్ట్జ్. వాళ్ళు స్లో స్పీడ్ అనే 1750 మన దగ్గర 1440 అన్నమాట. 8 అంగుళాల రాయి 1440 మీద తిరిగితే అంచు వేగం సెకనుకు 15 మీటర్లు. అదే రాయి 2850 మీదైతే 30 మీటర్లు. బజార్లో మామూలుగా దొరికే 6 అంగుళాలది 2850 మీద 22 మీటర్లు. వేగం ఎక్కువైతే ఉలి కాలిపోతుందని అందరూ భయపెడతారు. హెచ్.ఎస్.ఎస్. విషయంలో ఆ భయం అంతగా అక్కర్లేదు. అది 500 డిగ్రీల పైన కూడా గట్టిదనం నిలుపుకుంటుంది. అంచు నీలం తిరిగినా పదును చావదు. అసలు ఇబ్బంది ఏంటంటే వేగం ఎక్కువైతే తప్పు కూడా వేగంగా జరుగుతుంది. చెయ్యి ఒక్క క్షణం తడబడితే అరిగిన ఇనుము మళ్ళీ రాదు. కొత్త చేతికి 1440 దయగా ఉంటుంది.

8 అంగుళాల్లో 1440 అన్ని దుకాణాల్లో ఉండదు. 6, 8 అంగుళాల్లో ఎక్కువగా 2800 వే పెడతారు. 10, 12 అంగుళాల పెద్ద గ్రైండర్లలో 1440 మామూలే. 10 అంగుళాలది సింగిల్ ఫేజ్‌లో దొరికితే తీసుకో, బరువుంటుంది కాబట్టి వణుకు కూడా తక్కువ. ఇంకో దారి, ఆటోనగర్‌లో అర హెచ్.పి. 1440 మోటారు, రెండు వైపులా చక్రం బిగించే బఫింగ్ హెడ్, బెల్టు కలిపి కట్టించుకోవడం. నా దగ్గర పదేళ్ళు నడిచింది అదే. ఒక్క పని మాత్రం చెయ్యకు. 2800 మోటారుకి ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలించి నెమ్మది చేద్దామని కొందరు చూస్తారు. గ్రైండర్లో ఉండేది ఇండక్షన్ మోటారు. వోల్టేజి తగ్గిస్తే బలం పోతుంది, వేడెక్కుతుంది, ఉలి ఆనించగానే ఆగిపోతుంది, చివరికి వైండింగ్ కాలుతుంది.

6 అంగుళాల రాయైతే ఏటవాలులో గుంట ఎక్కువ పడుతుందని కూడా చెప్తారు. లెక్క వేసి చూశా. 10 మిల్లీమీటర్ల ఏటవాలు మీద 6 అంగుళాల రాయి తీసే గుంట 0.17 మిల్లీమీటర్లు, 8 అంగుళాలది 0.125. మన పనికి ఆ తేడా ఏమీ కాదు. 8 అంగుళాలు తీసుకోమనేది రాయి ఎక్కువ కాలం వస్తుందని, జిగ్ పెట్టడానికి కింద చోటుంటుందని.

రాయి గురించి మాత్రం నేను ఎంత చెప్పినా తక్కువే. గ్రైండర్ కొంటే ఒక వైపు ముతక, ఒక వైపు నున్నన, రెండూ బూడిద రంగు రాళ్ళు వస్తాయి. అవి మామూలు ఇనుముకి, వెల్డింగ్ గరుకు తీయడానికి. హెచ్.ఎస్.ఎస్. మీద వాటి రేణువులు త్వరగా మొద్దుబారతాయి, రాలిపోవు. రాయి ముఖం అద్దంలా మెరుస్తుంది, అప్పుడది కోయడం మానేసి రుద్దుతుంది. తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రేణువు పెళుసు. మొద్దుబారగానే విరిగి కొత్త పదును బయటపెడుతుంది. అందుకే చల్లగా కోస్తుంది. కార్బోరండమ్ యూనివర్సల్, గ్రైండ్‌వెల్ నార్టన్ రెండు కంపెనీల తెల్ల రాళ్ళూ మన హార్డ్‌వేర్ దుకాణాల్లో చెప్తే తెప్పిస్తారు. రాయి చీటీ మీద డబ్ల్యు.ఎ. అని ఉంటే అది తెల్లది. పక్కనున్న అంకె గ్రిట్, అంటే రేణువు ఎంత నున్ననో చెప్పేది. మనకు 80 సరిపోతుంది. ఆకారమే మార్చాలంటే 46 గాని 60 గాని ఉంటే పని త్వరగా అవుతుంది. ఆ తర్వాత ఇంగ్లిష్ అక్షరం రాయి గట్టిదనం. జె గాని కె గాని అడుగు. 1440 మీదకి కె, 2850 మీదకి జె అంటాను నేను, ఎందుకంటే ఒకే రాయి నెమ్మదిగా తిరిగితే మెత్తగా, వేగంగా తిరిగితే గట్టిగా పనిచేస్తుంది. ఎం, ఎన్ ఇస్తే వద్దను. పచ్చ రాయి చూపించి ఇది ఇంకా మంచిదంటే అదీ వద్దను, అది కార్బైడ్ మొనలకి.

రాయి తీసుకునే ముందు దుకాణంలోనే మోగించి చూడు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే. రాయి మధ్య రంధ్రంలో, అంటే బోర్‌లో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్కపిడితో అంచు దగ్గర రెండు మూడు చోట్ల మెల్లగా తట్టు. ఖంగుమంటే మంచిది. పగిలిన కుండలా డొక్కు మోత వస్తే పగులుంది, కంటికి కనపడకపోయినా ఉంది. ఆ రాయి బిగిస్తే తిరిగేటప్పుడు ముక్కలై ముఖం మీదకొస్తుంది. రాయి మీద రాసిన గరిష్ఠ వేగం నీ మిషన్ వేగం కన్నా ఎక్కువుండాలి. రాయికి రెండు వైపులా ఉన్న అట్ట బిళ్ళలు పీకేయొద్దు, రాయిని బిగించే ఫ్లాంజి ఒత్తిడి సమంగా పడేది వాటివల్లే. ఎడమ వైపు నట్టు ఎదురు మర, కుడి వైపు తిప్పితే ఊడుతుంది. బిగించాక మొదటిసారి స్విచ్ వేసి పక్కకు జరిగి నిమిషంపాటు తిరగనివ్వు. టూల్ రెస్ట్‌కీ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. రాయి అరిగేకొద్దీ రెస్ట్ ముందుకు జరపాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. మెడలో తువ్వాలు, చేతికి గ్లోవ్స్ ఉండకూడదు. నిప్పురవ్వలు పడేచోట కర్రపొట్టు లేకుండా చూసుకో, మే నెలలో మన ఎండలకి ఎండిన పొట్టు అంటుకోవడానికి ఒక్క రవ్వ చాలు.

జిగ్. వాలు అంచున్న చదును ఉలి స్క్యూ, ముక్క తెంపే పార్టింగ్ ఉలి, గీకే స్క్రేపర్లకు పెద్ద జిగ్ అక్కర్లేదు, కోణం మార్చుకునే మంచి టూల్ రెస్ట్ చాలు. గ్రైండర్‌తో వచ్చే రేకు ముక్క తీసేసి, 6 మిల్లీమీటర్ల ప్లేటుతో వెల్డింగ్ షాపులో చేయించుకో. గౌజ్‌కి మాత్రం జిగ్ కావాలి. రాయి కిందుగా ముందుకు చాచిన ఒక కడ్డీ, దాని చివర వి ఆకారపు గూడు, ఉలిని బిగించి ఆ గూట్లో మొన ఆనించి అటూ ఇటూ ఊపే ఒక కాలు. కెనడా వన్‌వే కంపెనీ ఉల్వరీన్ జిగ్ దీనికి పేరు మోసింది. దాన్ని చూసి చేసినవి మన దేశంలోనూ దొరుకుతున్నాయి. చతురస్రపు గొట్టంతో వెల్డింగ్ షాపులో చేయించుకున్నవాళ్ళు నాకు తెలుసు, బాగానే పనిచేస్తున్నాయి. ఏ జిగ్ అయినా మూడు కొలతలు మారకూడదు. కాలు వంపు, జిగ్ నుంచి ఉలి ఎంత బయటికుంది, గూడు రాయికి ఎంత దూరం. ఉలి పొడుగుకి నేను మద్ది చెక్కలో 45 మిల్లీమీటర్ల లోతు గాడి తీసి బల్లకి కొట్టేశాను. ఉలి మొన గాడి చివర ఆనించి జిగ్ బిగిస్తా, టేపు తీసే పని లేదు. గూటి దూరానికి కూడా అలాగే ఒక చెక్క ముక్క, దాని మీద 'బౌల్' అని రాసి పెట్టా.

మొదటిసారి కోణం కుదిర్చేటప్పుడు ఇలా చెయ్యి. ఏటవాలు అంతా నల్ల మార్కర్‌తో పూసెయ్యి. జిగ్‌లో బిగించి రాయికి ఆనించు. స్విచ్ వెయ్యకు, రాయిని చేత్తో తిప్పు. తీసి చూడు. నలుపు మొన దగ్గరే పోయిందంటే ఉలి ఎక్కువ నిలబడింది, మడమ దగ్గరే పోయిందంటే పడుకుంది. గూడు ముందుకూ వెనక్కూ జరుపుతూ మొన నుంచి మడమ దాకా సన్నని గీతలు సమంగా పడేదాకా చూసుకుని, అప్పుడు స్విచ్ వెయ్యి. పది నిమిషాల పని. దీనివల్ల ఉలి ఏళ్ళు వస్తుంది. తెల్ల రాయి అరిగి చిన్నదయ్యేకొద్దీ గూడు అక్కడే ఉంటే కోణం కొద్దికొద్దిగా మారుతుంది, అందుకే నెలకోసారి మార్కర్ పూసి చూసుకో.

కోణాలు నేను వాడేవి చెప్తా. బౌల్ గౌజ్ 55, మంచం కోళ్ళ లాంటి పొడుగు పనికి వాడే స్పిండిల్ గౌజ్ 40, పలకల కర్రని గుండ్రం చేసే రఫింగ్ గౌజ్ 45, స్క్యూ రెండు వైపులా కలిపి 30, స్క్రేపర్ 75. వీటికి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా కొంప మునగదు, ఒకసారి పెట్టుకున్నది మార్చకుండా ఉంటే చాలు.

నీళ్ళ మిషన్ సంగతి. టార్మెక్ స్వీడన్ కంపెనీ, 1973 నుంచీ ఉంది. మిషన్ నిజంగా గొప్పది. దాని పెద్ద మోడల్లో 250 మిల్లీమీటర్ల రాయి నిమిషానికి 90 చుట్లే తిరుగుతుంది. అంచు వేగం సెకనుకు 1.2 మీటర్లు, మన 15 మీటర్లతో పోల్చి చూడు. వేడి పుట్టదు, నిప్పురవ్వ ఉండదు, చిత్రిక బ్లేడుకి, వంటింటి కత్తికి దాన్ని మించింది లేదు. కానీ కర్ర తిప్పేవాడు గంటలో నాలుగైదుసార్లు ఉలి పట్టాలి. టేకులో సిలికా ఉంటుంది, అంచుని ఆకురాయిలా తినేస్తుంది. ప్రతిసారీ తొట్టి, నీళ్ళు, బురద, నెమ్మది అరుగుదల అంటే మనసు వాయిదా వేస్తుంది. మొద్దు ఉలితోనే ఇంకో నిమిషం, ఇంకో నిమిషం అని లాగేస్తాం. పైగా అది నీ 25 వేలకు రాదు, రాయి అరిగితే మళ్ళీ బయటి నుంచి తెప్పించాలి. షెఫీల్డ్‌లోని రాబర్ట్ సోర్బీ వాళ్ళ బెల్టు మిషన్ కూడా మంచిదే, అదీ బడ్జెట్ దాటుతుంది.

ఇక సి.బి.ఎన్. అంటే క్యూబిక్ బోరాన్ నైట్రైడ్. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో రాబర్ట్ వెంటార్ఫ్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు, వజ్రం తర్వాత అంత గట్టిది. లోహపు చక్రం అంచున ఆ రేణువులు ఒక పొర అంటించి ఉంటాయి. అరగదు, వ్యాసం మారదు, డ్రెస్సర్ అక్కర్లేదు, పగలదు, జిగ్ ఒకసారి కుదిర్చితే కుదిరినట్టే. నేను ఇప్పుడు వాడేది అదే, వెనక్కి వెళ్ళను. అయినా నిన్ను ఏడాది ఆగమంటున్నా. మొదటి ఏడాది నువ్వు ఆకారాలు మారుస్తావు, పాత ఉలులు తెచ్చి పెడతావు, చక్రం మధ్యలో ఒకేచోట ఒత్తిపెడతావు. తెల్ల రాయి మీద గాడి పడితే డ్రెస్సర్‌తో పోతుంది. సి.బి.ఎన్. పొర పోతే చక్రం పోయినట్టే. ఇంకోటి, అది గట్టిపడిన స్టీలుకే. సరిగ్గా గట్టిపడని కమాను పట్టీ ఉలులు, మామూలు ఇనుము దాని మీద పెడితే రేణువుల మధ్య మెత్తటి ఇనుము ఇరుక్కుని చక్రం మూగబోతుంది.

కొనే రోజున బోర్ కొలత నువ్వే వెర్నియర్‌తో చూసుకో. నా మొదటి సి.బి.ఎన్. చక్రం ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తెప్పించా. నా షాఫ్ట్ 16 మిల్లీమీటర్లు అని ముందే చెప్పాను. వచ్చిన చక్రం బోర్ 25.4, లోపల ఒక ప్లాస్టిక్ బుష్. బిగిస్తే చక్రం ఒక వైపు ఎగురుతోంది. ఉలి ఆనిస్తే చేతిలో డప్పు కొట్టినట్టు టకటకా కొట్టుకుంది. ఫోన్ చేస్తే అన్ని మిషన్లకీ అంతేనన్నారు. అంత డబ్బు పోసి కొన్న చక్రం మూల పెట్టాల్సి వచ్చిందని రెండు రోజులు నిద్ర పట్టలేదు. తర్వాత ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ మిస్త్రీ దగ్గరికి షాఫ్ట్‌తో సహా పట్టుకెళ్ళా. ఆయన అల్యూమినియం కడ్డీ తీసుకుని, లోపలి బోర్, బయటి వ్యాసం రెండూ ఒకే బిగింపులో తిప్పాడు. మధ్యలో చక్ విప్పలేదు, విప్పితే కేంద్రం తప్పుతుందన్నాడు. బుష్ ఎక్కించి డయల్ గేజ్ పెట్టి చక్రం చేత్తో తిప్పితే ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ చక్రం అలాగే తిరుగుతోంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. బయటి దేశపు చక్రాల్లో ఐదు బై ఎనిమిది అంగుళం బోర్ మామూలు, అంటే 15.88 మిల్లీమీటర్లు. నీ షాఫ్ట్ 16 అయితే ఆ వెంట్రుకవాసికి చక్రం ఎక్కదు. కొట్టి ఎక్కించకు.

పదును ఎప్పుడు పట్టాలో తెలుసుకోవడం సులువే. అంచుని ట్యూబ్‌లైట్ కిందికి పట్టు. సన్నటి తెల్ల గీత మెరిస్తే అది మొద్దు. పదునున్న అంచు మీద వెలుగు నిలవడానికి చోటుండదు, గీత కనపడదు. జిగ్ కుదిర్చి ఉంటే ఆ గీత పోవడానికి పది సెకన్లు, రెండు మూడు ఊపులు. నొక్కకు, ఉలి బరువే చాలు. గ్రైండర్ లేత్‌కి రెండడుగుల దూరంలో, నడుము కన్నా కొంచెం ఎత్తుగా పెట్టు. వేరే గదిలో పెడితే వెళ్ళవు.

చాలామంది గట్టి కర్రకే పదును కావాలనుకుంటారు. మెత్తటి కర్రకే ఇంకా ఎక్కువ కావాలి. చింత, తుమ్మ మొద్దు ఉలిని కూడా కాస్త ఓర్చుకుంటాయి. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి మీద మొద్దు ఉలి పెట్టు, నార నలిగి దూదిలా లేస్తుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిప్పి లక్క పూస్తారు. ఉలి వదిలిన గరుకు లక్క కింద నుంచి కూడా కనపడుతుంది. పదునున్న స్పిండిల్ గౌజ్‌తో లేత్ మీద ఒక బొంగరం చేసి చూడు, గరుకు కాగితం అడగదు.

మీ నాన్నగారి పాత గ్రైండర్ అన్నావు కదా. 6 అంగుళాలదైనా పర్లేదు, పారేయకు. షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడు, ఆట ఉంటే బేరింగులు మార్పించు, చాలా తక్కువ ఖర్చు. పాత రాళ్ళు ఎన్నేళ్ళవో తెలియదు కాబట్టి తీసేసి, జె గ్రేడు తెల్ల రాయి 80 గ్రిట్ ఒకటి వేయించు, డ్రెస్సర్ కొను, జిగ్ చేయించు. ఆ జిగ్, ఆ డ్రెస్సర్ రేపు పెద్ద గ్రైండర్ కొన్నా పనికొస్తాయి. రెండు నెలలు దాని మీద పట్టి, అప్పటికీ 1440 కావాలనిపిస్తే కొను. పట్టేటప్పుడు హెచ్.ఎస్.ఎస్. ఉలి కాలితే నీళ్ళలో ముంచకు, అంచున సన్న పగుళ్ళు వస్తాయి. బల్ల మీద పెట్టి చల్లారనివ్వు. నీళ్ళలో ముంచాల్సింది పాత కార్బన్ స్టీలు ఉలులే, అవి నీలం తిరగకముందే. మొదట స్పిండిల్ గౌజ్‌తో మొదలుపెట్టు, బౌల్ గౌజ్ రెండు వారాల తర్వాత. మార్కర్ పూసినప్పుడు గీతలు ఎలా పడ్డాయో ఫోటో తీసి పంపితే గూడు ఎటు జరపాలో చెప్తా.